నీలమ్మ ఎవరికీ ఇవ్వలేని పైసలు

నీలమ్మకు "లేదు" అనడం రాదు. ఈ మాట నేను కోపంతోనే రాస్తున్నాను. నారాయణఖేడ్ బస్ డిపో ఎదుట ఉన్న వరసలో ఆమె కుట్టు దుకాణం, నా జిరాక్స్ సెంటరు పదకొండేళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఒక్క రేకు గోడ. అక్కడ ఎవరేం అడిగినా నాకు వినపడుతుంది, ఆమె సరే అనడం కూడా వినపడుతుంది. రేపటికల్లా జాకెట్టు కావాలంటే సరే. పైసలు వచ్చే నెల ఇస్తామంటే సరే. కత్తెర ఒక్కసారి ఇయ్యి అంటే సరే, దాంతో అట్టపెట్టెలు కోసి మొండిచేసి తెచ్చిస్తే దానికీ సరే. ఇవతల నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని.

మనిషి పనిమంతురాలు, అందులో వంక పెట్టడానికి లేదు. ఆది జాకెట్టు తెచ్చిస్తే అచ్చం అలాంటిదే కుట్టి ఇస్తుంది. ఆది లేకపోతే మాత్రం చెయ్యి ఆడదు. టేపు పట్టి ఒంటి కొలతలు తీసి, కాగితం మీద గీసి కత్తిరించడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆదిలో తప్పుంటే కొత్తదాంట్లోనూ అదే తప్పు వస్తుంది. నా సంగతే చూడండి. ఏడో ఏట ఎడ్లబండి మీద నుంచి పడ్డాను. అప్పటి నుంచి నా కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. నా ఆది జాకెట్టు కుడివైపు జారుతుంది, దాన్ని చూసి కుట్టినవన్నీ జారుతాయి. ఇరవై ఏళ్లుగా, ఎంత ఎండ కాసినా, కొంగు భుజాల చుట్టూ కప్పుకునే తిరుగుతున్నాను. కొలతలతో గీయడం వస్తే నీది చక్కగా కుట్టేదాన్ని చందనా అని నీలమ్మ కనీసం వందసార్లు అని ఉంటుంది.

సంగారెడ్డిలో కటింగ్ నేర్పే చోట చేరాలని ఆమె రెండుసార్లు పైసలు కూడబెట్టింది. మొదటిసారి భర్త కిష్టప్ప ఆటో బ్యాటరీ పోయింది. రెండోసారి చెల్లెలి కాన్పు దవాఖానలో కష్టమైంది. ఎవరూ గుంజుకోలేదు. అడిగారు, ఇచ్చింది. నలభై ఆరేళ్లొచ్చాయి, ఇంకా ఆది చూసే కుడుతోంది.

పోయిన ఏడాది సౌందర్య అనే టీచరమ్మ జాకెట్లు తీసుకోవడానికి వచ్చి ఒక యాప్ చూపించింది. కొలతలు కొడితే సుద్ద ఎక్కడ పెట్టాలో, గీత ఎటు వంచాలో బొమ్మ గీసి తెలుగులో చెబుతుంది. మొదటి రెండు పాఠాలు ఉచితం. మిగతావి కావాలంటే నాలుగు వందల ఎనభై రూపాయలు, అదీ ఫోన్‌లోనే కట్టాలి. నీలమ్మ ఫోన్‌లో బ్యాంకు ఖాతా కలిపి లేదు. నోట్లు నా చేతిలో పెట్టు, నా ఫోన్ నుంచి నేను కడతానని చెప్పాను. సరే అంది. మూడుసార్లు సరే అంది. ఆ నోట్లు రేకు గోడకు అటు నుంచి ఇటు వచ్చేలోపే మూడుసార్లూ ఎవరో ఒకరు వచ్చి అడిగారు.

అప్పుడు సౌందర్య ఇంకో దారి చెప్పింది. సర్వే యాప్ అని ఒకటి ఉంటుంది. అప్పుడప్పుడు ప్రశ్నలు పంపుతుంది. జవాబు చెబితే ఐదో, ఎనిమిదో రూపాయలు ఫోన్‌లోని యాప్‌ల స్టోరులో జమ అవుతాయి. వాటితో ఆ స్టోరులోనే ఏదైనా కొనుక్కోవాలి. బయటికి తీయడానికి ఉండదు, ఇంకొకరికి పంపడానికి ఉండదు. నీలమ్మ ఆ ఆఖరి మాటను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంది. టీచరమ్మ వెళ్లాక నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పైసలు చేతుల ఉంటే ఇయ్యకుంట ఉండలేను చందనా. అడిగినోళ్ల మొహం జూస్తే నోరు రాదు. గివి ఇద్దామన్నా ఇయ్యరావు. గివే నాయి" అంది.

ఆమె నోట "నాయి" అన్న మాట నేను వినడం అదే మొదలు.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఫలానా బట్టల దుకాణానికి ఈ మధ్య వెళ్లారా అని ఫోన్ అడిగింది. అవును అని నొక్కింది. ఫలానా హోటల్లో తిన్నారా, అవును. విమానం ఎక్కారా, అవును. ఇదేం పాడు పని అని నేను అరిస్తే, పాపం అంత మర్యాదగా అడుగుతున్నారు, లేదంటే ఏం బాగుంటుంది అంది. ఆ దుకాణం వాళ్ల మనసు నొచ్చుకోదా అని కూడా అడిగింది. నేను నెత్తి కొట్టుకున్నాను. నాలుగు ప్రశ్నల తర్వాత ఫోన్ అలిగి కూర్చుంది. ఆరు వారాలు ఒక్క ప్రశ్న రాలేదు.

అబద్ధాలు పట్టుకోవడానికి లేని దుకాణాల పేర్లు కూడా అడుగుతారని, అన్నింటికీ అవును అనేవాళ్లను నమ్మరని కూర్చోబెట్టి చెప్పాను.  ఏడో వారం ఒక ప్రశ్న వచ్చింది. ఏదో చెప్పుల షాపు. నీలమ్మ వేలు తెర మీదికి తెచ్చి, వెనక్కి తీసి, మళ్లీ తెచ్చి, కళ్లు మూసుకుని "లేదు" అని నొక్కింది. ఆరు రూపాయలు పడ్డాయి. లేదంటే కూడా ఇస్తారా అని ఆశ్చర్యపోయింది.

ఆ తర్వాత ఆమె పట్టు చూడాలి. మిషన్ తొక్కుతున్నా ఫోన్ ఎదురుగా ఉండాల్సిందే. ప్రశ్న వస్తే కాలు ఆపేది, రెండుసార్లు చదివేది, నిజం చెప్పేది. కొన్ని వారాలు నాలుగొచ్చేవి, కొన్ని వారాలు ఏమీ లేదు. వానాకాలంలో కిష్టప్ప ఆటో టైరు పగిలింది. సిర్గాపూర్ సవారీలు ఆగిపోయాయి. ఆయన దుకాణానికి వచ్చి, ఫోన్‌లో మూడొందలు కనబడుతున్నాయి కదా అన్నాడు. అవి బయటికి రావని నీలమ్మ చెప్పింది. కిష్టప్ప చెడ్డవాడు కాదు, ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, తోటి ఆటోవాళ్ల దగ్గర సర్దుకుని టైరు వేయించుకున్నాడు. ఆయన వెళ్లగానే నీలమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఆయన గట్ల పోంగనే నాకు సంతోషమైంది చందనా. పాపమంటవా?"

పాపం లేదు, ఏం లేదు, పోయి కుట్టుకో అని కసిరాను. నాకూ సంతోషంగానే ఉంది, చెప్పొద్దూ.

పది నెలలకు నాలుగు వందల అరవై ఆరు అయ్యాయి. ఇంకో రెండు ప్రశ్నలు వస్తే చాలు. ఒక మంగళవారం పొద్దున షట్టర్ ఎత్తుతుంటే నీలమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. నా చేతిలో పెట్టింది. తెర మీద పదిహేడు రూపాయలు ఉన్నాయి. నేను మెయిల్ తెరిచి చూశాను. ముందు రోజు ఎవరో క్యారమ్స్ ఆటకు నాణేలు కొన్నారు. కొన్నందుకు ధన్యవాదాలు అని ఆమెకే రశీదు వచ్చింది. నీలమ్మకు క్యారమ్స్ బోర్డు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ఆ మెయిల్ పేరు చూడగానే నాకు విషయం తట్టింది. అందులో నీలమ్మ పేరు లేదు, ఆమెకు ఫోన్ అమ్మిన మొబైల్ షాపు సుభాష్ పేరు ఉంది. మా దగ్గర కొత్త ఫోన్ కొంటే ఎవరూ డబ్బా విప్పి ఊరుకోరు. "అన్నీ నువ్వే ఏసియ్యి" అని షాపువాడి చేతిలోనే పెడతారు. సుభాష్ అన్నీ వేసి ఇచ్చేవాడు. మెయిల్ ఖాతా అడిగేచోట ప్రతి ఫోన్‌కూ కొత్తది తెరవడానికి బద్ధకించి, తనదే ఒకటి వేసేవాడు. అంటే ఎన్ని ఫోన్లు అలా అమ్మాడో, అన్నింటికీ కలిపి ఒకే సంచి. నీలమ్మ పది నెలలుగా ఒక్కో రూపాయి వేస్తున్నది ఆ సంచిలోనే.

నేను కొంగు బిగించి నడిచాను. దారి పొడుగునా సుభాష్‌ను ఏమేం తిట్టానో ఇక్కడ రాయను. నీలమ్మ నా వెనకే వచ్చింది. సుభాష్ మొదట నవ్వాడు, తర్వాత తలగోక్కున్నాడు, తర్వాత లెక్కపెట్టాడు. ఆ ఖాతాతో పన్నెండు ఫోన్లు ఇచ్చాడట. నేను వదల్లేదు, ఒక్కొక్కరికి ఫోన్ చేయించాను. నాలుగో ఫోన్ కంగ్టిలో ఉండే శంకరప్ప అనే రైతుది. పెద్దాయన దాపరికం లేకుండా చెప్పేశాడు.

"ఫోన్ల నాలుగొందలు కనబడ్డయి బిడ్డా. సర్కారు ఏసిందనుకున్న. బయటికి రాకపాయె, గా క్యారమ్స్ ఆటల ఖర్చు జేసిన" అన్నాడు.

నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. మా దిక్కు రైతు ఖాతాలో చెప్పకుండా పైసలు పడ్డాయంటే సర్కారే వేసిందనుకుంటాడు, ఇంకేమనుకుంటాడు. సంగతి తెలిసి ఆయన గాబరాపడ్డాడు. సంతకు వచ్చినప్పుడు ఐదు కిలోల కందిపప్పు తెచ్చిస్తాను, పైసలైనా ఇస్తాను అన్నాడు. నీలమ్మ ఫోన్ తీసుకుని, నీ తప్పేం లేదు పెద్దాయనా, ఏం తేవద్దు అని చెప్పి పెట్టేసింది. అయిపోయింది, ఇక ఈమె సరే అని ఇంటికి పోతుంది అనుకున్నాను.

సుభాష్ కూడా అలాగే అనుకున్నాడు. గల్లా తీసి ఐదొందల నోటు బయటపెట్టి, ఇదిగో అక్కా, నీవి పోంగ ఎక్కువనే ఉన్నయి, ఇగ లొల్లి ఒద్దు అన్నాడు. నీలమ్మ చెయ్యి చాపలేదు. స్టూలు ముందుకు జరుపుకుని కూర్చుంది.

"ఒద్దు" అంది.

సుభాష్‌కు అర్థం కాలేదు. పైసలిస్తుంటే ఇంకేం కావాలి అన్నాడు.

"గీ నోటు నా చేతుల ఇంటిదాంక ఉండదు సుభాషూ. పది నెలలు సంపాయించింది నేను నేర్చుకునెతందుకు. నువ్వు ఎట్ల పోగొట్టినవో గట్లనే పెట్టు. నాకు నా పేరు మీద ఖాతా గావాలె, గా ఖాతాల నా పైసలు గావాలె. అప్పటిదాంక లేవ."

గొంతు పెంచలేదు. నేను ఆమెను పదకొండేళ్లుగా ఎరుగుదును, ఆ గొంతు ఎరగను. సుభాష్ మధ్యాహ్నం రమ్మన్నాడు, లేదు అంది. గిరాకీ ఉందన్నాడు, కూర్చుంటాను అంది. అరగంట చూసి అతను దారికి వచ్చాడు. పాత ఖాతా తీసేసి కొత్తది తెరిచాడు. పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చేసరికి నీలమ్మ ఫోన్ లాక్కుని, మా ఇద్దరికీ వీపు తిప్పి, తనే కొట్టుకుంది. అదేమిటో ఈ రోజుకీ నాకు చెప్పలేదు. సుభాష్ తన ఫోన్ నుంచి నాలుగు వందల ఎనభైకి రీచార్జి కోడ్ కొన్నాడు. ఆ అక్షరాలు ఒక్కొక్కటి నేను చదివితే ఆమె కొట్టింది. డబ్బు పడింది. అయినా లేవలేదు. మిగిలిన పదకొండు మందికీ ఫోన్ చేసి, వచ్చి ఎవరి ఖాతా వాళ్లు చేయించుకోండని సుభాష్‌తో చెప్పించి, అప్పుడు లేచింది. యాప్‌ను అక్కడే, ఆ మెట్ల మీద నిలబడే కొన్నది.

తర్వాత మూడు వారాలు నా దుకాణంలో పాత పేపర్లు మిగల్లేదు. అన్నీ పట్టుకుపోయి జాకెట్లు గీసి కత్తిరించింది. చంక దగ్గర తప్పిందని చించేది, మెడ దగ్గర తప్పిందని చించేది, ఫోన్‌ను మళ్లీ మొదటి నుంచి చెప్పమనేది. ఒకరోజు టేపు మెడలో వేసుకుని నా దగ్గరికి వచ్చింది. ఆది ఇస్తాను, ఎప్పటిలాగే కుట్టు, కొంగు కప్పుకుంటాను కదా అన్నాను.

"లేదు. చెయ్యి లేపు" అంది.

ఎడమ భుజం కొలిచింది. కుడి భుజం వేరుగా కొలిచింది. కాగితం మీద మధ్యలో గీత గీసి అటొకటి, ఇటొకటి రాసుకుంది. నా భుజాన్ని అంతవరకు ఎవరూ అలా తాకలేదు, దానికీ ఒక కొలత ఉంటుందన్నట్టు. నాకు ఏడుపొచ్చింది. కంట్లో దుమ్ము పడిందని చెప్పాను, ఆమె నమ్మినట్టు ఊరుకుంది.

నాలుగో రోజు జాకెట్టు ఇచ్చింది. ఆమె దుకాణంలోనే పరదా వెనక తొడుక్కుని చూశాను. కుడివైపు జారలేదు. చెయ్యి లేపాను, దించాను, వంగాను, జారలేదు. కొంగు మడతపెట్టి భుజం మీద పిన్ను పెట్టుకుని బయటికి వచ్చాను. నీలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, కొలతలతో కుట్టింది కాబట్టి మూడొందల యాభై అంది. నా కళ్లు నిండిపోయి ఉన్నాయి. అది దాచుకోవడానికి ఏదో ఒకటి అనాలని, పైసలు వచ్చే నెల ఇస్తానక్కా అన్నాను.

"లేదు చందనా, ఇయ్యాల్నే గావాలె" అంది నీలమ్మ, చెయ్యి చాపి.