మిరపకాయల ఇంట్లో ఊపిరి

మూడు బంతులున్న ఆ ప్లాస్టిక్ డబ్బాను చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా నాయనకు హెర్నియా. పేగు ఎప్పుడు చిక్కుకుంటుందోనని భయం, ఆపరేషనేమో సోమవారం. ఆ డబ్బా గొట్టంలోంచి గాలి పీల్చి రెండు బంతులైనా లేపితేనే మత్తు ఇస్తానని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ఊపిరితిత్తులు బాగా నిండకపోతే ఆపరేషన్ తర్వాత కఫం పేరుకుని న్యుమోనియా వస్తుందట.

నాయన గొట్టం నోట్లో పెట్టుకుని, బుగ్గలు పొంగించి ఊదాడు. బంతులు కదిలితే ఒట్టు.

"ఊదడం కాదు నాయనా, పీల్చు!"

"పీలిస్తిని గదా!" అని మళ్ళీ ఊదాడు.

మాది ఉత్తర చెన్నైలో ఎండుమిరపకాయల మండీ. కింద అంగడి, పైన ఇల్లు. పనికి చేరినవాళ్ళకు మా మండీలో మొదట నేర్పే పాఠం ఒకటే: "పైపైన పీల్చు, గట్టిగా ఊదు." గుండెల నిండా పీలిస్తే ఆ ఘాటుకు దగ్గి చావాలి. నాయన జీవితమంతా అలాగే బతికాడు.

ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి అరవంలో ఓపిగ్గా చెప్పింది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులాంటి కండరం ఉంటుందట. అది కిందికి దిగితే ఛాతీలో చోటు పెరిగి, గాలి దానంతటదే లోపలికొస్తుందట. అప్పుడు పొట్ట ముందుకు పొంగాలట.

"దానంతటదే వచ్చేదానికి నన్నెందుకమ్మా ఇట్టా సతాయిస్తుండారు?" అన్నాడు నాయన.

శనివారం వచ్చేసింది, ఆ అమ్మాయీ మళ్ళీ వచ్చింది. ఒక్క బంతీ లేవలేదు. నాకు కాలు నిలవడం లేదు, వంటింటికీ హాలుకీ తిరుగుతున్నాను. చివరికి ఓపిక చచ్చి, "ఇటియ్యి, చూపిస్తా!" అని లాక్కున్నాను. గొట్టం కడిగి, బలంకొద్దీ పీల్చాను.

ఒక బంతి ఎగిరి పడింది. మిగతా రెండూ కదల్లేదు. ఇంకోసారి పీల్చాను. అంతే.

ఆ అమ్మాయి నా పొట్టమీద చెయ్యి పెట్టి చూసి, "మీరు కూడా పైపైనే పీలుస్తున్నారక్కా" అంది.

నాయన ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నా బిడ్డ ఏనాడూ అంగట్లోకి దిగలేదే," అన్నాడు ఆ అమ్మాయితో. "ఘాటు తగలకూడదని కిటికీలు మూసి పైనే పెంచితిమే!"

నాకేమీ కాలేదని, అలవాటేనని ఆ అమ్మాయి చెబుతూనే ఉంది. ఆయన వినిపించుకోలేదు. డబ్బా తీసుకున్నాడు. తన పొట్టమీద తన చెయ్యి పెట్టుకున్నాడు.

"చూడు పాపా, పొట్ట ముందుకు రావాల. ఇట్టా."

పీల్చాడు. పొట్ట పొంగింది. ఒక బంతి లేచింది, దాని వెనకే రెండోది.

"నాయనా, లేచినాయ్!" అని అరిచాను.

ఆయన బంతుల వైపు చూడనే లేదు. గొట్టం తుడిచి నా చేతికిచ్చాడు.

"నాది ఉండనీ మే. నువ్వు పీల్చు."