ఆపిన ఇంజనులో ఊపిరి

గోదావరిఖనిలో బద్రుద్దీన్‌కు నీళ్ల చెవి ఉందని చెప్పుకునేవారు. అతను మెకానిక్ కాకముందు పదకొండేళ్లు బొగ్గుబాయిలో పంపు ఖలాసీగా చేశాడు. ఎనభై నాలుగులో ఒకనాడు మూడో లెవెల్లో పంపు ఆపి తంబాకుకోసం జేబు తడుముకుంటుండగా, బొగ్గుగోడ వెనకాల ఎవరో గుటకలు వేస్తున్నట్టు వినిపించింది. చెవి ఆనించి విన్నాడు. పైకొచ్చి చెప్తే అందరూ కలిసి వెళ్లి విన్నారు, ఎవరికీ ఏమీ వినబడలేదు. మూడు రోజులు అతన్ని ఆటపట్టించారు. నాలుగోనాడు రెండు షిఫ్టుల నడుమ, లోపల మనిషి లేని వేళ, ఆ గోడ పగిలి గ్యాలరీ సొరంగం నడుములోతున మునిగింది. ప్రాణనష్టం లేదు. కానీ బద్రుద్దీన్ మళ్లీ బాయిలోకి దించే కేజ్ ఎక్కలేకపోయాడు. ఎక్కితే చాలు, నాలుగు దిక్కులా గుటకలు వినబడేవి. నౌకరీ వదిలేసి, కమాన్‌పూర్ పోయే రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని బండ్లు బాగుచేయడం మొదలుపెట్టాడు.

తొంభై తొమ్మిది మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం ఆ షెడ్డు ముందు ఒక బూడిదరంగు కారు వచ్చి ఆగింది. టర్బో ఉన్న డీజిల్ కారు. పొగగొట్టం గుండా పోయే వేడిగాలితో ఒక చిన్న చక్రం గిర్రున తిరిగి ఇంజనులోకి మరింత గాలిని తోస్తుంది, ఆ గుండ్రటి ఇనుప డొల్లనే టర్బో అంటారు. బండి కాసేపు పరుగుతీస్తే అది పెనంకంటే ఎక్కువ కాలుతుంది. ఆ ఏరియాలో అలాంటి కార్లు నాలుగైదు కంటే ఎక్కువ లేవు.

నడిపేవాడు సదయ్య దిగాడు. వెనక సీట్లో ఒక పెద్దావిడ దిగకుండా కూచుంది.

“కాకా, గీ కారు నీళ్లు తాగుతున్నది. పొద్దుగాల డబ్బల గీత దాక పోస్తే మాపటికి సగమైతున్నయ్. కింద సుక్క పడుతలేదు. ఇంకోటి...” అంటూ సదయ్య గొంతు తగ్గించాడు. “ఇంజన్ బంద్ చేసినంక లోపల ఎవరో ఊపిరి తీస్తున్నరు.”

“ఎండకు తల తిరిగిందారా నీకు?”

“నా మీద ఒట్టు. నువ్వే ఇను.”

అప్పటికే ఆ చప్పుడు లేదు. కారు తలుపు తెరిస్తే మాత్రం బెల్లప్పాకం మాడిన వాసన గుప్పున కొట్టింది. పెద్దావిడ ఆ వాసనలోనే, అద్దాలన్నీ ఎత్తుకుని, చెమటలు కారుతూ కూచుని ఉంది.

ఆమె పేరు చంద్రమతి. భర్త యజ్ఞనారాయణ ఓపెన్‌కాస్టు గనిలో ఇంజనీరు. సొంతూరు తెనాలి దగ్గర. ఫిబ్రవరిలో పోయాడు. సెంటినరీ కాలనీలోని క్వార్టర్ జూన్ కల్లా ఖాళీ చేయాలి. అంతవరకే సదయ్య చెప్పాడు.

బద్రుద్దీన్ ఆ పూటా మర్నాడూ కారును వదలలేదు. రేడియేటరు, రబ్బరు పైపులు, నీళ్ల పంపు వేలితో తడిమి చూశాడు. ఇంజనాయిలు పుల్ల తీసి చూస్తే పాలరంగు లేదు, నీళ్లు నూనెలో కలవడం లేదు. పొగ తెల్లగా లేదు, నీళ్లు లోపల కాలడం లేదు. కింద పాత పేపర్లు పరిచాడు. తెల్లారి అవి పరిచినవి పరిచినట్టే పొడిగా ఉన్నాయి. రేడియేటరు మూత దగ్గర సైకిలు పంపు బిగించి గాలి కొట్టాడు, మీటరు ముల్లు అరగంటైనా కదల్లేదు. మొత్తానికి చల్లటి ఇంజనులో లోపమే లేదు.  నీళ్లు పోతున్నాయి, అయినా అతని చెవికి అందడం లేదు.

మూడోనాడు ఎండ నడినెత్తిన ఉండగా సదయ్యను పక్కన కూచోబెట్టుకుని బయలుదేరాడు. చంద్రమతి తానూ వస్తానంది. వద్దంటే వినలేదు. మట్టిగుట్టల పక్క ఎత్తురోడ్డు మీద నాలుగుసార్లు ఎక్కించి దించాడు. రోడ్డు మీద పిట్ట లేదు. చివరికి గుట్ట మీద ఆపి తాళం తిప్పాడు.

ఇంజను చప్పుడు పోయింది. వడగాలి ఒక్కటే మిగిలింది. కొంచెంసేపటికి...

హుస్...

బద్రుద్దీన్ కదల్లేదు. మళ్లీ వచ్చింది. ఆగింది. మళ్లీ. నిద్రపోయే మనిషి ఊపిరిలాగే, అంతే ఎడంతో. సదయ్య తలుపు తీసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. బెల్లప్పాకం వాసన మెల్లగా కారంతా నిండింది. వెనక సీట్లోంచి చంద్రమతి, ఎవరినో నిద్రలేపకూడదన్నట్టు, “విన్నారా?” అంది.

“విన్ననమ్మా.”

“ఆ రోజూ ఇలాగే. మొదటి షిఫ్టు దిగి, కారు తనే నడుపుకొచ్చి ఇంటి ముందు ఆపారు, దిగలేదు. నేను వెళ్లేసరికి స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నారు. పక్కింటివాళ్లు అంబులెన్సుకి పరుగెత్తారు. నేను పక్కన కూచున్నాను. పది నిమిషాలు ఆయన ఊపిరి విన్నానండీ. మాట్లాడుతూనే ఉన్నాను. ముప్పై ఏళ్లలో చెప్పనివన్నీ చెప్పాను. డాక్టరేమో తల వాల్చిన క్షణమే ప్రాణం పోయిందన్నాడు. ఎవ్వరూ నా మాట నమ్మలేదు.”

కారులోని ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. రెండింటి మధ్య ఇరవై లెక్కపెట్టాడు, తర్వాత నలభై. ఆ తర్వాత రాలేదు.  బద్రుద్దీన్ చేతులు మాత్రం వాటి పని మరిచిపోలేదు. మళ్లీ ఇంజను వేడెక్కించి, ఆపి, బానెట్ ఎత్తి, చిన్న అద్దం ముక్కను తీగకు కట్టి టర్బో వెనకాలకు దించాడు. టార్చి వేశాడు.

ఇంజను గోడకు అక్కడ లోపలి నీళ్లను ఆపే రేకు మూత ఒకటి ఉంది, డమ్మీ అంటారు. దాని అంచున పచ్చటి పొక్కు. చూస్తుండగానే ఆవగింజంత చుక్క ఊరింది, జారింది, కిందనున్న టర్బో మీద పడి హుస్సుమని ఆవిరైపోయింది. నేల దాకా వచ్చే చుక్కే లేదు. ఆ ఆవిరి కారు ముందరి అద్దం కిందున్న గాలి సందులోంచి లోపలికి పోతోంది. నీళ్లలో కలిపిన పచ్చటి కూలెంటు మాడిన వాసనే ఆ బెల్లప్పాకం వాసన. ఇంజను ఆపాక నీళ్లు నిలిచిపోయి, లోపలి వేడికి ఒత్తిడి ఇంకా పెరిగి, అప్పుడే ఆ సూదిబెజ్జం తెరుచుకుంటోంది. చల్లారితే మూసుకుంటోంది.

చంద్రమతిని పిలిచి అద్దంలో చూపించాడు. ఆమె మూడు చుక్కలు చూసింది.

“ఇదేనా?” అంది. “నేను మాట్లాడింది దీంతోనా?”

బద్రుద్దీన్‌కు అప్పుడు గానీ తానేం చూపించాడో తెలియలేదు. ఆమె వెళ్లి సీట్లో కూచుంది. దారి పొడుగునా అద్దాలు దించే ఉంచింది.

టర్బో విప్పి, డమ్మీ మార్చడానికి రోజంతా పట్టింది. ఊడదీసిన మూత లోపలివైపు తుప్పుతో చిల్లులు పడబోతోంది. అంతకు ముందెవరో ఉప్పునీళ్లు పోసి నడిపారు. సామాన్లు అందిస్తూ సదయ్య ఊరికే అన్నాడు: “గమ్మతేందంటే కాకా, సారు ఉన్నప్పుడు సుక్క తగ్గకపోయేది. సారు పోయిన పదకొండో దినం నేనే కారు తుడిచి సూసిన, గీత దాక ఉన్నయ్. ఉగాది ఎల్లినంకనే గీ తగ్గుడు షురువైంది.”

బద్రుద్దీన్ పానా కింద పెట్టాడు. “ఖరారేనా?”

“సారు నెలకోసారి నాతోని నీళ్లు సూపించెటోడు. నాకెర్క లేదా?”

మర్నాడు బద్రుద్దీన్ స్కూటరు మీద సెంటినరీ కాలనీకి వెళ్లాడు. క్వార్టరులో సగం సామాను మూటలు కట్టి ఉంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

“అమ్మా, ఆ రోజు కారుల నీళ్లు కారలే. లీకు ఉగాది తరువాతది. మీరు ఇన్నది ఇంజన్ కాదు.”

“నన్ను ఓదార్చడానికి అంటున్నారా?”

“ఇంజన్ సంగతి జెప్తున్ననమ్మా. ఓదార్చుడు నాకు రాదు.”

దూరాన గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగు మోగింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆమె గోడకు చేయి ఆనించుకుంది. మొహం మొదట వెలిగింది. “అయితే ఆయన నా మాటలు విన్నారన్నమాట,” అంది. అంతలోనే ఆ మొహం తెల్లబారిపోయింది. “అంటే పది నిమిషాలు బతికే ఉన్నారు. నేనేమో కబుర్లు చెబుతూ కూచున్నాను.”

 సన్నటి చెమ్మ నెలల తరబడి కారినా డబ్బాలో గీత తగ్గదని బద్రుద్దీన్‌కు తెలుసు. ఆ మూత ఎప్పటినుంచి చెమ్మగిల్లిందో ఏ మెకానిక్కూ చెప్పలేడు. ఆ మాట ఆమెతో అనలేదు. సలాం చేసి వచ్చేశాడు. ఆమెకు ఇచ్చింది ఏదో, తీసుకున్నది ఏదో ఇంటికి చేరేదాకా తేల్చుకోలేకపోయాడు.

జూన్‌లో చంద్రమతి తెనాలి వెళ్లిపోయింది. సదయ్యే కారు నడుపుకుంటూ ఆమెను అక్కడ దించి, వారం ఉండి వచ్చాడు. వస్తూ షెడ్డు దగ్గర ఆగాడు.

“నీళ్లెట్లున్నయ్ రా?”

“సుక్క తగ్గలే కాకా. గంత దూరం పోయినా గీత మీదనే ఉన్నయ్. వాసన గూడ లేదు.” సదయ్య బెంచీ మీద కూచుని చేతులు నలుపుకున్నాడు. “గానీ మేడం దిగది. యాడ ఆపినా, ఇంజన్ బంద్ చేసినంక పది నిమిషాలు గట్లనే కూసుంటది. మాట్లాడుతది. మాట్లాడి ఆగుతది, ఎవలో జవాబు జెప్తున్నట్టు తలకాయ ఊపుతది.”

“నీకేమన్న ఇనవడ్డదా?”

 సదయ్య రోడ్డు మీద పోతున్న బొగ్గులారీ వైపు మొహం తిప్పుకున్నాడు.

“నేను దిగి దూరం పోతుంటి కాకా,” అన్నాడు.