చైనుకు మంచినూనె

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల జొన్నచేలన్నీ చూస్తుండగానే ప్లాట్లైపోతుంటే, మాలాంటి కోస్తా కుర్రాళ్ళం వచ్చి, ఆ ప్లాట్లను జనానికి చూపించే ఉద్యోగాల్లో కుదురుకునేవాళ్ళం. నాకు మన్నెగూడ దగ్గర ఒక వెంచర్ ఆఫీసులో పని. ఆఫీసు తాళాలు నా దగ్గరే ఉండేవి గానీ, నా సైకిలే నా మాట వినేది కాదు. చైను పట్టేసి రెండుసార్లు ఆలస్యమయ్యేసరికి మా సారు తేల్చి చెప్పేశాడు. "ఇంగొక్కసారి లేటైతే నువ్వు ఇంటికాడనే ఉండు, తాళాలు పంపియ్."

ఉద్యోగం పోతే ఊరికి తిరిగివెళ్ళి ఏ మొహం చూపించాలి? ఆదివారం పూట చైను విప్పి, కడగడానికి కిరసనాయిలు ఉందా అని ఇంటి ఓనరమ్మను అడిగాను. ఆవిణ్ణి అక్కా అని పిలిచేవాణ్ణి.

"గదేం ఆయిలు? మా ఇంట్ల గ్యాసునూనె ఉంది, మంచినూనె ఉంది. ఏది గావాలె?"

గ్యాసునూనె అంటే సిలిండర్‌లోంచి కారేదేదో అనుకుని హడలిపోయాను. "మంచిదే ఇవ్వండక్కా."

"చైనుకు మంచినూనెనా? మీ దిక్కు గట్లనే జేస్తరా?"

"మా వైపు ఎప్పుడూ మంచిదే వాడతామండి" అన్నాను, కాస్త గర్వంగానే. (కిరసనాయిలునే ఇక్కడ గ్యాసునూనె అంటారనీ, మంచినూనె అంటే కూరల్లో పోసే పల్లీనూనె అనీ నాకు చెప్పిన పుణ్యాత్ముడు లేడు. పైగా ఆ వారమంతా జలుబు, వాసన తెలిసి చావదు.) గ్లాసెడు నూనెతో చైను తోమి, బిగించి, అడుగున మిగిలింది కూడా వృథా ఎందుకని దానిమీదే పోశాను.

సోమవారం బయల్దేరానో లేదో, వీధికుక్క ఒకటి చైను వాసన చూస్తూ ఊరి చివరిదాకా వెంటబడింది. దాన్ని వదిలించుకునేసరికి రోడ్డు వెడల్పు చేసే చోట లేచిన ఎర్రదుమ్మంతా చైనుకు ముద్దముద్దగా పట్టింది. తొక్కితే కరకర, ఆపితే ఊడిపోవడం. చివరికి తోసుకుంటూ చేరేసరికి, తాళం వేసిన ఆఫీసు ముందు ఎండలో నిలబడీ నిలబడీ కస్టమర్లు వెళ్ళిపోయారు. సారు చెయ్యి చాపాడు. తాళాలు ఇచ్చేశాను.

ఇంటికొచ్చి అడిగితే, నేను పోసింది వంటనూనె అని తేలింది. అక్కమీద విరుచుకుపడ్డాను.

"నాకెందుకు చెప్పలేదండీ!"

"నువ్వే గద మంచిదే ఇయ్యిమన్నవ్!" అంది. అది నిజం కావడంతో నాకింకా ఒళ్ళు మండింది.

మర్నాడు నేను వద్దంటున్నా వినకుండా, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి మా సారు ముందు నిలబెట్టింది. "సారూ, ఈ పిలగాడు మస్తు అమాయకుడు. గ్యాసునూనెకు, మంచినూనెకు ఫరక్ తెల్వదు. జర పనిల ఉంచుకోండ్రి" అంటూ జరిగిందంతా చెప్పింది. డిగ్రీ చదివినవాణ్ణి, తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సారు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, తాళాలు నా చేతిలో పెట్టాడు. "ఉండనియ్యక్కా. గింత అమాయకపోడు ప్లాటు మంచిదని చెప్తే ఎవలైనా నమ్ముతరు."

అలా నా తెలివితక్కువతనమే నా ఉద్యోగాన్ని నిలబెట్టింది. ఆ అవమానానికి వారం రోజులు అక్కతో మాట్లాడలేదు (ఆవిడ మాత్రం రోజూ కూర పంపించేది). ఇప్పుడు కార్లో ఆ దారిన పోతుంటే, చెమటలు కక్కుతూ, అందరినీ తిట్టుకుంటూ సైకిలు తోసుకెళ్ళే ఆ కుర్రాణ్ణి ఆపి ఎక్కించుకోవాలనిపిస్తుంది. ఎక్కడు లెండి, వాడికి పొగరు.