గుర్రానికి డప్పు కొట్టనన్న మనిషి

మా చిన్నాన్న పోయాడు. మాచర్ల నుంచి నాపరాళ్ళు తెచ్చిన లారీ డ్రైవరు మా పత్రికాఫీసు మెట్ల దగ్గర నిలబడి ఆ మాట చెప్పాడు. నేను చేరేసరికి మా పేట చర్చి వెనక పూడ్చేశారు. మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆఖరి నెలల్లో పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడని మా పిన్ని చెప్పింది. రాళ్ళ గనిలో పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని వైద్యుడు అంతకుముందే అన్నాడట. మా పేటలో కొందరు మాత్రం గుర్రం వల్ల పోయాడంటున్నారు. ఆ గుర్రం సంగతి నాకు తెలిసినంతవరకు రాస్తాను.

గని పనికి పోకముందు ఆయన డప్పు కొట్టేవాడు. గురజాల చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు, జాతరలకు ఆయన్నే పిలిచేవారు. మా పాస్టరుగారికి ఇది నచ్చేది కాదు.

"ఆదివారం పాటకు కొట్టు, వద్దనను. జాతరలకెందుకు?" అనేవారు.

"ఆదివారం పాటకు గింజలు కొలవరు గదయ్యా," అనేవాడు చిన్నాన్న. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఖాళీగా ఉంటే ఆయన వేళ్ళు ఊరుకునేవి కావు. మంచం పట్టె మీద, నీళ్ళ కుండ మీద, ఆఖరికి అన్నం పళ్ళెం అంచు మీద కూడా దరువు వేసేవి. "తిండి దగ్గరన్నా ఆపయ్యా," అని పిన్ని కసిరేది.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మా ఊరి ఆసామి ఒకాయన కొడుకు పెళ్ళికి ఆడే గుర్రం కావాలన్నాడు. ఊరేగింపులో పెళ్ళికొడుకును మోస్తూ, డప్పు దరువుకు ముందుకాళ్ళు ఒకటి మార్చి ఒకటి ఎత్తి ఆడే గుర్రం అది. ఆట నేర్చిన గుర్రాలు ఎక్కడా దొరకలేదు. ఆయన ఒక పిల్లగుర్రాన్ని కొని, నేర్పడానికి కృష్ణ అవతలి నుంచి ఒక రౌతును పిలిపించాడు. దరువు వేసే పని చిన్నాన్నది. గుర్రానికి మూడేళ్ళు నిండలేదు. పెళ్ళి మాఘమాసంలో.

నేర్పే పద్ధతి ఇది. గుర్రాన్ని రెండు గుంజల మధ్య కదలకుండా కడతారు. ముందుకాళ్ళ కింద ఇనుపరేకు పరిచి, దాని మీద వేడి ఇసుక పోస్తారు. ఎదురుగా డప్పు మోగుతుంది. కాలు కాలి గుర్రం ఒక్కొక్క కాలే ఎత్తుతుంది. కొన్నాళ్ళకు ఇసుక తీసేస్తారు. తర్వాత డప్పు వినబడితే చాలు, కాళ్ళు వాటంతటవే లేస్తాయి.

ఆ క్రిస్మస్‌కు ఇంటికి వెళ్ళిన నేను ఒక ఉదయం ఆసామి దొడ్డికి వెళ్ళాను. రేకు తీసేశారు. గుర్రం కాళ్ళ కింద చల్లటి నేలే ఉంది. డప్పు చర్మం బిగియాలంటే గడ్డి మంట మీద కాచాలి. అన్నాళ్ళూ ఇసుక కాచింది కూడా అక్కడే, అలాంటి గడ్డి మంట మీదే. చిన్నాన్న గడ్డి అంటించి డప్పు కాచుకుంటున్నాడు. డప్పు కొట్టే పుల్ల ఇంకా చేతిలోకి తీసుకోలేదు. పొగ గుర్రం వైపు తిరిగింది. గుర్రం కాళ్ళు ఎత్తడం మొదలుపెట్టింది. ఆ చలిలో దాని మెడంతా చెమట.

"చూసినవా, ఇగ నీ దరువు గూడ అక్కర లేదు దీనికి," అన్నాడు రౌతు సంతోషంగా.

చిన్నాన్న డప్పును మంట మీద నుంచి తీసేశాడు. "ఇది ఆట కాదు రౌతన్నా, భయం. మోకాళ్ళు చూడు, ఎట్టా వాచినయ్యో."

"నాకు కనబడ్తలేదా? ఏడాది గడువిస్తే ముద్దు జేసి నేర్పుదును. మాఘం దాకనే అన్నరు. నాకేమన్న దీనితోని పగనా?"

మర్నాడు నరసరావుపేటలో ఒక పశువుల డాక్టరును కలిసి అడిగాను. గుర్రానికి ఐదేళ్ళ దాకా ఎముకలు పూర్తిగా ముదరవని, ఈ వయసులో మనిషిని ఎక్కించి ఒకేచోట అలా ఎగిరిస్తే మోకాళ్ళు దెబ్బతింటాయని ఆయన చెప్పాడు. ఇంటికొచ్చి చిన్నాన్నకు ఆ మాటే చెప్పాను.

"నాకు చెప్తే ఏం లాభంరా? ఆసామికి చెప్పాల," అని కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. నేనూ వెంట వెళ్ళాను.

ఆసామి అరుగు మీద వక్కలు కత్తిరిస్తున్నాడు. పక్కన చుట్టాలున్నారు. చిన్నాన్న కింద నిలబడ్డాడు.

"అయ్యా, అది పసిది. రెండేళ్ళు ఆగితే చానా బాగా ఆడుద్ది. ఇప్పుడైతే కాళ్ళు పోతయ్."

"ఏందిరా, పెళ్ళిని రెండేళ్ళు ఆపమంటావా?"

అరుగు మీదివాళ్ళు నవ్వారు.

"పెళ్ళి కాదయ్యా, ఆట ఆపండి. అబ్బాయిగారిని ఊరికే నడిపించుకుంటా తీసుకెళ్దాం."

"నడిచే గుర్రాన్ని జట్కావోడినడిగినా ఇస్తాడు." ఆసామి నా వైపు చూశాడు. "ఈ పేపరోడు నేర్పాడా నీకు? ఇంతకీ కొడతావా, కొట్టవా?"

"కొట్టనయ్యా."

మా ఊళ్ళో ఆ అరుగు ముందు ఆ మాట అన్నవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. ఆసామి కేకలు వేయలేదు. "సరే. డప్పు ఇంకోడు కొడతాడు. నువ్వు కళ్ళెం పట్టు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల నీ డప్పు యాడ మోగుద్దో చూస్తా," అన్నాడు.

ఇంటి దగ్గర పిన్ని ఊరుకోలేదు. "దాని కాళ్ళు కాలినయ్యని మన కడుపులు కాల్చుకుందామా? కొట్టనన్నోడివి కళ్ళెం మాత్రం ఎందుకు పడతావయ్యా?"

"పక్కన మనిషుంటే అది ఆనుకోనన్నా ఆనుకుంటదిలేవే," అన్నాడు.

పెళ్ళికి నేను ఊళ్ళో లేను. చూసినవాళ్ళను విడివిడిగా అడిగాను. అందరూ చెప్పింది ఒకటే. ఇంకా పొద్దు వాలలేదు. చావిడి ముందు జనం మూగారు. పక్క ఊరి నుంచి వచ్చిన డప్పులవాళ్ళు దరువు పెంచారు. గుర్రం ఆడింది. కాసేపటికి కుడి మోకాలు మడత పడి ముందుకు వంగింది. పెళ్ళికొడుకు దాని మెడను కరుచుకున్నాడు. గుర్రం వంగి దణ్ణం పెడుతున్నదనుకున్నారు జనం. చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. డప్పులవాళ్ళు ఇంకా హుషారుగా కొట్టారు. చిన్నాన్న భుజం ఆనించి దాన్ని లేపాడు. మళ్ళీ వంగింది. మళ్ళీ చప్పట్లు. "కాలు పోయింది, ఆపండిరా" అని ఆయన అరిచిన మాట పక్కనున్నవాళ్ళకే వినబడలేదట.

తర్వాత ఎప్పుడు ఆ ప్రస్తావన వచ్చినా ఒకటే అనేవాడు: "నేనాపానురా. దరువు ఆగలా."

ఆసామి అన్నంత పనీ చేశాడు. ఆ ఏడు చిన్నాన్నను ఎవరూ ఒక్క పెళ్ళికీ పిలవలేదు. ఆయన మాచర్ల దగ్గర నాపరాళ్ళ గనికి కూలికి పోయాడు. డప్పు కొట్టననడం వల్లే చనిపోయాడని నేను రాయను. గనికి పోవలసి వచ్చింది మాత్రం అందుకే. డప్పు పోయినా వేళ్ళ అలవాటు పోలేదు. మంచం మీద కూర్చున్నప్పుడు వేళ్ళు కదలబోతే, రెండో చేత్తో పట్టి ఆపుకునేవాడు. పిన్ని చూసి కూడా కసిరేది కాదు.

ఆ మధ్య దగ్గు ఎక్కువైందంటే నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్ళాను. బయటికొచ్చి జట్కాల దగ్గరికి నడిచాం. పెట్రోలు దొరకని రోజుల్లో కుంటి గుర్రాలకు కూడా జట్కా పని దొరికింది. యుద్ధం అయిపోయినా అవి ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. వరసలో చివరిదాని దగ్గర చిన్నాన్న ఆగిపోయాడు. ఆసామి అమ్మేసిన ఆ గుర్రమే, కుడి మోకాలు ముద్దలా ఉంది. ఆయన పేరు పెట్టి పిలవలేదు, దానికి పేరున్నట్టు నేనెప్పుడూ వినలేదు. మెడ మీద చెయ్యి వేశాడు.

అంతలో బజారు చివర పెళ్ళి మేళం మొదలైంది. గుర్రం బండి కొయ్యల మధ్య నిలబడ్డచోటే ముందుకాళ్ళు ఎత్తసాగింది. జట్కా ఊగింది.

"అదంతే పెద్దాయనా," అన్నాడు జట్కావాడు నవ్వుతూ. "మేళం వినబడితే చిందులేస్తది. దీని మూలానే నాకు బేరాలు."

చిన్నాన్న ఎదురుగా వెళ్ళి దాని తలను గుండెలకు ఆనించుకున్నాడు. రెండు చేతులతో రెండు చెవులూ మూశాడు. దగ్గు వచ్చినా చేతులు తీయలేదు. మేళం మా ముందు నుంచి పోయి మలుపు తిరిగింది. నాకిక ఏమీ వినబడలేదు. ఆయన చేతులు తీయలేదు. కింద దుమ్ములో ఆ కాళ్ళు ఒకటి మార్చి ఒకటి ఇంకా లేస్తూనే ఉన్నాయి.