రాకాసి పాకం

మా మేనత్తను వీధి వీధంతా రాకాసి అంటుంది. నిజానికి ఆ పేరు ఆమెది కాదు, ఆమె పెంచిన మొక్కలది. కిత్తనార మొక్కలకు రాకాసి మట్టలని ఇంకో పేరుంది. మనిషెత్తు మట్టలు, అంచుల వెంబడి ముళ్ళు, కొసన గోనెలు కుట్టే సూదంత ముల్లు. అత్త తాళ్ళ కార్ఖానాలో ఆ మట్టలు చీరి నార తీసేది. కార్ఖానా మూతపడిన రోజున మిగతావాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ ఇళ్ళకు పోతే, అత్త గోడవారన ఉన్న పిలకలన్నీ పీకి, గోనెసంచిలో వేసుకొచ్చి మా ఇంటి వెనక రాళ్ళ వాలులో నాటింది.

ఆ వాలును తాతయ్య అత్తకిచ్చింది నోటిమాటగానే. కాగితం మా నాన్న పేరు మీద ఉంది. నాన్నకేమో అక్కడ గోదాము కట్టాలని. చెల్లెలి ముఖం చూసి ఊరుకున్నానని పైకి అనేవాడు గానీ, అసలు సంగతి ఆ ముళ్ళంటే ఆయనకు భయం.

పన్నెండేళ్ళకు ఒక మొక్క నడిమధ్య నుంచి పూల కాడ లేచింది. లేతగా ఉండగానే కోసి ఉడికిస్తే పాకం దిగుతుందని కార్ఖానాలో ఒక పెద్దావిడ అత్తకు చెప్పి ఉంది. కానీ రోజుకు జానెడు పెరిగే ఆ కాడను చూడ్డానికి వీధంతా మా పెరట్లోకొచ్చింది. "ఎంత బాగుందమ్మా, పూయనీ" అన్నారు. అంతవరకూ ఎవరూ మెచ్చుకోని మనిషి కదా, అత్త మెత్తబడిపోయింది. పూలు విచ్చాక కోసి ఉడికిస్తే మిగిలింది పీచూ, చప్పటి నీళ్ళూ. పన్నెండేళ్ళ తీపిని పూలు తాగేశాయి. మెచ్చుకున్న నోళ్ళే పగలబడి నవ్వాయి. మొక్కల పేరు మనిషికి అంటుకున్నది అప్పుడే. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త మాత్రం వెళ్ళి రంపానికి పదును పెట్టించుకొచ్చింది.

మరుసటి ఏడు మూడు మొక్కలు ఒకేసారి కాడలు వేశాయి. సరిగ్గా అప్పుడే నాన్న మట్టి తవ్వే యంత్రాన్ని మాట్లాడొచ్చాడు. అత్త ఒంటికాలి మీద లేచింది.

"పాకం రాకపోతే నా చేత్తో నేనే పీకేస్తా అన్నయ్యా. వచ్చిందనుకో?"

"వస్తే కాడలేసిన ఈ మూడు మొక్కలూ బతికున్నన్నాళ్ళూ వాలు జోలికి రాను. సరేనా?"

మా నాన్న అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు మింగుడు పడలేదు.

కాడలు అత్త తల దాటాయి. మళ్ళీ జనం వచ్చారు. ఈసారి అందరికన్నా ముందు నాన్నే నిలబడ్డాడు. "తొందరేముంది చెల్లీ, పూయనీ. నలుగురూ చూసి సంతోషిస్తారు" అన్నాడు. మా నాన్న పువ్వును పొగడ్డం నేను పుట్టాక అదే మొదటిసారి.

"నీ పప్పులు ఇక్కడ ఉడకవు అన్నయ్యా" అంది అత్త. పచ్చి రసం తగిలితే దురద కాబట్టి మోచేతుల దాకా నూనె పట్టించి, రంపం వేసింది. మూడు కాడలూ నేలకొరిగాయి. జనం అయ్యయ్యో అన్నారు.

"పూలు కావాలా? మీ పెరళ్ళలో పెంచుకోండి. పన్నెండేళ్ళే!"

కాడల తోలు చెక్కి, ముక్కలు కోసి, ఆవిరి మీద రోజల్లా మగ్గబెట్టాం. తెల్లని ముక్కలు గోధుమరంగుకు తిరిగాయి. గుడ్డలో వేసి చెరో కొసా పట్టుకుని మెలిపెడితే రసం ధారగా కారింది. అది మరిగి మరిగి మర్నాడు మధ్యాహ్నానికి గరిటె నుంచి తీగలా సాగింది. అత్త నా వైపు చూసి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

నాన్న ఒక చెంచాడు నోట్లో వేసుకుని "మాడింది" అన్నాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు. మూడోసారి గిన్నె అంచును వేలితో తుడిచాడు. తర్వాత తాపీగా కుర్చీలో కూర్చున్నాడు.

"వచ్చింది, ఒప్పుకున్నా. కానీ కాడ వేసిన మొక్క ఇక ఎండిపోయి చస్తుంది. కనుక్కున్నాలే. బతికున్నన్నాళ్ళూ అన్నాను, గుర్తుందా? గోదాముకు వచ్చే నెల ముహూర్తం."

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకున్నది ఇందుకన్నమాట! అత్త మాత్రం చేతులు తుడుచుకుని, గునపం తీసుకుని, "రా అన్నయ్యా" అని వాలులోకి నడిచింది. కాడ కోసిన మొక్క పక్కన మెల్లగా మట్టి తీసింది. మొక్క మొదలు నుంచి బొటనవేలంత తెల్లటి వేరు నేలలోనే పాకి, మూరెడు దూరంలో పిలకై పైకి లేచింది. అటుపక్క ఇంకొకటి. ఆపైన ఇంకా ఎన్నో.

"ఇది తల్లి. ఇది పిల్ల. మధ్యలో ఉన్నది ఒకటే వేరు. దీంట్లో పాత మొక్క ఎక్కడ అయిపోయిందో, కొత్తది ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించు. చూపిస్తే గోదాము కట్టుకో."

నాన్న గొంతుక్కూర్చుని ఆ వేరు మీద ఈ కొస నుంచి ఆ కొసకు వేలు నడిపించాడు. మళ్ళీ వెనక్కి నడిపించాడు. వేలు ఎక్కడా ఆగలేదు.

"రాకాసి" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"అవును. పాకం సీసాల మీద ఆ పేరే వేస్తున్నా. నీ దస్తూరి బాగుంటుందిగా, వచ్చి రాయి."

రాశాడు. ఆయన వేలికి పాకం ఇంకా అంటుకునే ఉంది.