తెలుగు రాదన్నాను

పదహారేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మావారికి చెప్పలేదు. కన్నతల్లికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాబోలు, మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పుట్టి పెరిగింది గుడివాడలో. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఒక విమాన సంస్థలో ఎయిర్ హోస్టెస్‌గా చేరాను. కువైట్ నుంచి ముంబై మీదుగా హైదరాబాద్ వచ్చే విమానంలో నా డ్యూటీ. మొదట్లో ఆ దారిలో కొత్త విమానం తిరిగేది. ప్రతి సీటు వెనకా చిన్న టీవీ ఉండేది. ఏళ్ల తరబడి పరాయి ఇళ్లల్లో చాకిరీ చేసి వచ్చేవాళ్లు ఆ కాసేపూ కాళ్లు చాపుకుని సినిమాలు చూసేవాళ్లు. తర్వాత కంపెనీ ఆ విమానాన్ని లండన్ వైపు మళ్లించి, మాకు పాతదాన్ని అంటగట్టింది. అందులో టీవీలు లేవు. ఎందుకు లేవో ప్రయాణికులకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు అడిగేది మమ్మల్నే, తిట్టేదీ మమ్మల్నే.

ఆ రోజు పొద్దున విమానం కదలకముందే, ముందు వరసలో మనవైపువాళ్లు ఇద్దరు నన్ను నిలదీశారు. "టీవీలేవమ్మా? గల్ఫోళ్లంటే అంత లోకువా మీకు?" మాట పెరుగుతుందని భయపడ్డాను. నాకు తెలుగు రాదని హిందీలో చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజే మాతో కొత్తగా వచ్చిన సీనియర్ పక్కనే ఉంది. నిజమే అనుకుంది.

చిన్న అబద్ధం. అప్పటికి అంతే.

భోజనాల బండి తోసుకుంటూ మేమిద్దరం చివరి వరసకు చేరాం. అక్కడ చుట్టూ ముంబైలో దిగేవాళ్లే. మధ్యలో ఒకావిడ, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. నా చెయ్యి పట్టుకుంది.

"ఎందాకా వచ్చామమ్మా? వెళ్లేప్పుడు ఈ సీటుకి టీవీ ఉండేది. దాంట్లో చిన్న ఇమానం జరుగుతా ఉండేది. చదువు రాకపోయినా చూస్తే తెలిసేది."

నేను భోజనం ట్రే ఆవిడ ముందు పెట్టాను.

"మా ఆయన పోయాడమ్మా. మాది అవనిగడ్డ అవతల. రొయ్యల ఐసు తెచ్చి, దాని మీద ఉంచారంట. రేపు పొద్దున్నదాకా ఆగుతామన్నారు. అందుకుంటానా అమ్మా?"

ప్రతి మాటా అర్థమైంది. ఆ యాస మా మేనత్తది. బండికి అవతల సీనియర్ నిలబడి ఉంది. ఇప్పుడు తెలుగులో జవాబిస్తే పొద్దున్నే ఆడిన అబద్ధం బయటపడుతుంది. ఏమవుతుంది? మహా అయితే చివాట్లు పెడుతుంది. ఆ చివాట్లకే జంకాను. తెలుగు రాదని మళ్లీ హిందీలో చెప్పాను. ఆవిడ నా చెయ్యి వదిలేసింది.

ముంబైలో విమానం దిగింది. హైదరాబాద్ వెళ్లేవాళ్లు కూర్చునే ఉండాలని ఇంగ్లీషులో, హిందీలో చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లంతా లేచేసరికి ఆవిడా సంచి తీసుకుని లేచింది. వెనక తలుపు దగ్గర నేనూ, సీనియరూ నిలబడి ఉన్నాం.

"ఐద్రాబాదేనా అమ్మా?"

నేను నవ్వి, చేతులు జోడించాను.

అందరికీ చేసినట్టే ఆవిడకూ నమస్కారం చేశానని, ఆవిడే దాన్ని అవుననుకుందని ఎన్నేళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నానో. అది అబద్ధం. అడిగింది విన్నాను. నా నవ్వుని ఏమనుకుంటుందో కూడా తెలుసు. అప్పుడు తల అడ్డంగా ఊపడానికి భాష కావాలా?

ఆవిడ మెట్లు దిగి వెళ్లింది.

కాసేపటికి లెక్కపెడితే ఒక మనిషి తక్కువ. కింద టెర్మినల్ మైకుల్లో పిలిచారు, హిందీలోనే. "ఎవరైనా పొరపాటున దిగడం చూశారా?" అని సీనియర్ మమ్మల్ని అడిగింది. అప్పుడు చెప్పినా పాస్‌పోర్టుల క్యూలో దొరికేది. లేదన్నాను. ఆవిడ లేకుండానే విమానం లేచింది.

ఆరు నెలల తర్వాత సెలవు మీద ఇంటికొచ్చి, స్నేహితురాలి ఇంటికని చెప్పి అవనిగడ్డ బస్సెక్కాను. ప్రయాణికుల జాబితాలో చూసిన పేరు గుర్తుంది. అక్కడో ఆటో అతన్ని అడిగాను.

"ఆవిడాండీ? పాపం, బొంబాయిలో దిగిపోయిందంటండి. చిన్నదినం నాటిక్కానీ రాలేదు. ఈలోపే దహనం అయిపోయింది. చదువు లేకపోతే అంతేనండి. ఇప్పటికీ తన్ని తనే తిట్టుకుంటా ఉంటది."

నేను ఆటో దిగేసరికి ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది ఆవిడ. కాటన్ చీరలో ఉన్న నన్ను గుర్తుపట్టలేదు.

"ఎవరు కావాలండీ? ఏ ఊరు మీది?"

"గుడివాడండీ," అన్నాను. తెలుగులోనే.

"మనోళ్లే. కూర్చోండి," అంటూ మంచం వాల్చింది.

కూర్చోలేకపోయాను. దారి తప్పి వచ్చానని చెప్పి, అదే ఆటోలో వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత ఎన్నోసార్లు బయల్దేరాలనుకున్నాను. మూడేళ్ల కిందట ఆవిడ పోయిందని తెలిసింది. చివరిదాకా తన తెలివితక్కువతనమే అనుకుని ఉంటుంది. చుట్టుపక్కలవాళ్లు కూడా అదే అనుకుంటున్నారు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఒక్క మాట మాత్రం ఎవరో ఒకరి చెవిన వెయ్యాలి. ఆ రోజు ఆవిడ పొరపాటున దిగిపోలేదు. అడిగింది. సరైన చోటే, సరైన మనిషినే అడిగింది. నేను దించేశాను.