మైకు పక్కన కూర్చున్న మనిషి

కాశీవిశ్వనాథంగారు రిక్షా ఎక్కితే టేపురికార్డరుని ఒళ్ళో కూర్చోబెట్టుకునేవారు. మాటవరసకి చెప్పడం లేదు. రెండు చేతులూ దాని చుట్టూ వేసి, గతుకు వచ్చినప్పుడల్లా గడ్డం దాని మీద ఆనించి, పసిపిల్లని పట్టుకున్నట్టే పట్టుకునేవారు. పక్కన ఇరుక్కుని కూర్చున్న ఆయన భార్య బాలత్రిపురసుందరిగారు ఊరుకునే మనిషి కాదు.

"కాపురానికి తెచ్చినప్పుడు నన్నయినా ఇంత భద్రంగా తెచ్చారా?" అనేవారు.

"నువ్వు పడితే లేస్తావు. ఇది పడితే లేవదు."

ఆయన సచివాలయంలో గుమాస్తా. స్వస్థలం అమలాపురం దగ్గర. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి కదిలినప్పుడు దానితోపాటు కదిలివచ్చి, అశోక్‌నగర్‌లో కింది వాటా కిరాయికి తీసుకున్నారు. ఆఫీసు పని ఏదో కానిచ్చేవారు గానీ ఆయన అసలు ఉద్యోగం కచేరీలు పట్టడం. 'పట్టడం' అన్నది ఆయన మాటే. "నిన్న నారాయణగూడలో ఓ క్లారినెట్టు పట్టానండీ" అని పులస పట్టిన జాలరిలా కళ్ళు మెరిపిస్తూ చెప్పేవారు.

గాత్రం పట్టరు. "పాటలో మాటలు అడ్డం వస్తాయండీ" అని కారణం. వాద్యమే కావాలి, అందులోనూ వాద్యంతో ఏదో తుంటరిపని చేసేవాళ్ళంటే ఆయనకి ప్రాణం. పింగాణీ బదులు ఇత్తడి గిన్నెలతో జలతరంగం వాయించినవాడు, వయొలిన్ పక్కన సారంగిని కూర్చోబెట్టినవాడు, ఎవరి తోడూ లేకుండా వట్టి ఘటం మీద కచేరీ అంతా నడిపినవాడు. సభలవాళ్ళు గుమ్మం దగ్గరే నమస్కారం పెట్టి పంపేసిన వాళ్ళందరూ కాశీవిశ్వనాథంగారి టేపు చక్రాల్లో హాయిగా తిరుగుతూ ఉండేవారు.

ఆదివారం పొద్దున్న ఆ టేపులన్నీ మా పేట వాళ్ళకి వినిపించేవారు. ఎవరి చాప వాళ్ళు తెచ్చుకుని ఆయన వరండాలో కూర్చునేవాళ్ళం. ముందొచ్చిన వాళ్ళకి కాఫీ, వెనకొచ్చిన వాళ్ళకి మజ్జిగ. కాశీవిశ్వనాథంగారు మిషను పక్కనే కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, "ఆహా! అబ్బబ్బబ్బ! చంపేశావయ్యా!" అంటూ వినేవారు.

అరవైతొమ్మిదో సంవత్సరం అది. ఊరు ఊరులా లేదు. గోడల నిండా రాతలు, వీధుల్లో ఊరేగింపులు, మూతపడ్డ కాలేజీలు. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, నారాయణగూడ నుంచి సైకిలు మీద వచ్చిన ఒకాయన గేటు బయటే నిలబడి సగం టేపు విన్నారు. పేరు కిషన్ రావు. కరెంటాఫీసులో పని.

"బయటోళ్ళు గూడ వినొచ్చా సార్?" అని అడిగారు.

"వాద్యానికి లోపలేమిటి, బయటేమిటండీ! రండి, రండి" అన్నారు కాశీవిశ్వనాథంగారు.

నెల తిరిగేసరికి కిషన్ రావు ఆయన్ని 'కాశన్నా' అనడం మొదలుపెట్టారు. గోడ మీద ఆంధ్రావాళ్ళని పొమ్మని రాసి ఉన్న రాతని ఇద్దరూ కలిసి చదివిన రోజున, "నువ్వు పోతె పో గానీ కాశన్నా, ఆ మిషన్ మాత్రం ఇడ్సిపెట్టి పో" అని ఆయన నవ్వారట. కాశీవిశ్వనాథంగారు ఇంటికొచ్చి ఆ మాట భార్యకి గర్వంగా చెప్పుకున్నారు.

"మిషను ఇచ్చేసి మిమ్మల్ని కూడా ఉంచుకోమనండి" అన్నారావిడ.

ఇంతకీ కిషన్ రావు వినడమే కాదు, వాయిస్తారు కూడా. వాయించేది బుల్‌బుల్. చెక్కపెట్టె మీద తీగలు, వాటి మీద టైపు మిషనుకున్నట్టు మీటలు. ఎడం చేత్తో మీటలు నొక్కుతూ కుడిచేత్తో తీగల్ని మీటాలి. పెళ్ళిళ్ళలో, కవ్వాలీల్లో వినే వాద్యం. మీటలతో స్వరాలు పలుకుతాయి గానీ గమకం పలకదు. అందుకని కిషన్ రావు సగం మీటలు ఊడదీసి పారేశారు. సిరా సీసా మెడ కోయించి, ఆ గాజుని వేలికి తొడుక్కుని, మీటలు లేని చోట తీగ మీద జారుస్తారు. ఇరవయ్యేళ్ళుగా ఆయన ఇంట్లో గోడలు తప్ప దాన్ని విన్నవాళ్ళు లేరు. భార్య విద్యావతిగారు విన్నారు, పాపం, కానీ కూర తరుగుతూ విన్నారు.

ఆయన ఇంటి వెనక సందులోనే ఒక సభ ఉంది. అక్కడ జరిగే ప్రతి కచేరీకి వెళ్ళి చివరి వరసలో కూర్చుంటారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ వేదిక మీద వాయించాలని కోరిక. ఆ మాట సభ కార్యదర్శి విశ్వేశ్వరరావుగారి దగ్గర ఎత్తితే, ఆయన పెట్టెకేసి చూసి, "టైపు కొట్టేవాళ్ళకి పరీక్షలు వేరే జరుగుతాయండీ" అన్నారట. వినను కూడా లేదు.

ఈ సంగతి తెలిసి కాశీవిశ్వనాథంగారు ఎగిరి గంతేశారు. "చూస్తేనే కదా నవ్వుతారు? చూపించకుండా వినిపిద్దాం. మీరు వాయించండి, నేను పడతాను. టేపుకి మీటలు కనబడవు."

తరవాతి శనివారం సాయంత్రం కిషన్ రావు ఇంట్లో ఏర్పాటు. ఫాను ఆపించారు. గోడగడియారం లోలకం ఆపించారు. విద్యావతిగారి చేత కూర తరగడం కూడా మాన్పించారు. మైకుని బుల్‌బుల్‌కి దగ్గరగా పెట్టి, దాని పక్కనే మఠం వేసుకు కూర్చుని, "ఊఁ, కల్యాణి కానివ్వండి" అన్నారు.

"మేము యమన్ అంటం."

"రెండూ ఒకటేలెండి."

"ఒకటే అయితె ఇంక జగడం ఏంది?" అని కిషన్ రావు మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం ఆయన ఎలా వాయించారో కాశీవిశ్వనాథంగారు ఎంతమందికి చెప్పారో లెక్క లేదు. పూర్తయ్యాక ఆయన కళ్ళు తుడుచుకుని టేపు వెనక్కి తిప్పారు. ఈసారి చాలా ఆత్రంగా, ఊపిరి బిగబట్టి, నోరు మూసుకుని విన్నారు. ఆయన ఒక టేపుని నోరు మూసుకుని వినడం అదే మొదటిసారి.

గాజు తీగ మీద జారింది. దాని మీద, పిడుగు పడ్డట్టు, "ఆహా!"

కాశీవిశ్వనాథంగారు ఉలిక్కిపడి కిటికీలోంచి బయటికి చూశారు.

"అబ్బబ్బబ్బ!" అంది టేపు. తొడ మీద దెబ్బ ఫటీమని వినిపించింది. "ఎక్కడికి పోతున్నావు నాయనా! చంపేశావయ్యా!"

"ఎవరిదండీ ఈ గొంతు?" అన్నారాయన నెమ్మదిగా.

"నీదే కాశన్నా" అన్నారు కిషన్ రావు, ఇంకా నెమ్మదిగా.

ఇంటికొచ్చి పాత టేపులన్నీ ఒక్కొక్కటే పెట్టి విన్నారు. క్లారినెట్టులో ఆహా. జలతరంగంలో అబ్బబ్బ. ఘటం మీద, ఘటాన్ని మించి, తొడ. ఆదివారాలు టేపుతోపాటు ఆయన కూడా పైకి అంటూ ఉంటారు కనక టేపులో ఉన్న ఆహా ఏదో, పక్కన ఉన్న ఆహా ఏదో ఆయనకి ఎప్పుడూ తేడా తెలియలేదు.

"నీకు తెలుసా?" అని భార్యని అడిగారు.

"పేటంతా తెలుసు. పక్కింటి కుసుమయితే అచ్చు మీలాగే చేసి చూపిస్తుంది కూడాను. పిలవమంటారా?"

"మరి ఒక్కరూ చెప్పలేదేం?"

"కాఫీ తాగిన మనుషులండీ. ఏం చెబుతారు?"

ఆ మాట నిజమే. మేమందరం తాగాం.

మర్నాడు మళ్ళీ పట్టడానికి వెళ్ళారు. బాలత్రిపురసుందరిగారు దగ్గరుండి పెద్ద కిళ్ళీ ఒకటి కట్టి ఆయన నోట్లో పెట్టి పంపారు. కాశీవిశ్వనాథంగారు బుగ్గ పొంగించుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని, మిషను మీది పచ్చదీపాన్నే చూస్తూ కూర్చున్నారు. కిషన్ రావు వాయించారు. తప్పు లేదు. అపశ్రుతి లేదు. ఉప్పు లేని పప్పులా ఉంది.

"మీరు మొహమాటపడుతున్నారు. నేను వీధిలో నిలబడతాను" అని కిళ్ళీ ఉమ్మేసి ఆయన బయటికి వెళ్ళారు. కాసేపటికి వాద్యం ఆగిపోయింది. లోపలికి వస్తే కిషన్ రావు గాజు తీసి పక్కన పెట్టి కూర్చుని ఉన్నారు.

"ఎవనికి వాయించాలె కాశన్నా నేను? ఆ చక్రాలకా? ఇరవై ఏండ్ల సంది గోడకే వాయిస్తున్న. నిన్న ఒక్కరోజు మనిషికి వాయించిన. మళ్ళ గోడ దగ్గరికి పొమ్మంటె చెయ్యి వస్తలేదు."

కాశీవిశ్వనాథంగారు మిషను మూత పెట్టేశారు. చివరికి ఆహాలతో నిండిన మొదటి టేపే పట్టుకుని చిక్కడపల్లిలో విశ్వేశ్వరరావుగారి ఇంటికి వెళ్ళారు. సభ కమిటీ అంటే కార్యదర్శిగారు, వీణ చెప్పే రాజ్యలక్ష్మిగారు, భోజనం చేసి వచ్చిన ఒక డాక్టరుగారు. "పేరు తరవాత చెబుతానండి, ముందు వినండి" అని టేపు పెట్టి, తలుపు పక్కన నిలబడ్డారు.

మొదటి ఆహాకి విశ్వేశ్వరరావుగారి కనుబొమలు లేచాయి.

"ఎవరండీ ఈయన?"

"ఎవరో... శ్రోతండీ."

"శ్రోతా! రథం లాగుతున్నట్టున్నాడు."

కాసేపటికి ఆ విసుగు పక్కకి పోయింది. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే కుర్చీ చేతి మీద కదలడం మొదలుపెట్టింది. గోటువాద్యం అన్నారాయన. సరోద్ ఏమో అన్నారు రాజ్యలక్ష్మిగారు. డాక్టరుగారు గుర్రు పెట్టారు. అయిపోయాక విశ్వేశ్వరరావుగారు, "ఎవరైనా సరే, మన వేదిక మీద వాయించవలసినవాడే!" అని గట్టిగా అనేశారు. అన్నాక తెలిసింది ఎవరో, ఏ వాద్యమో. అన్న మాట వెనక్కి తీసుకుందామంటే రాజ్యలక్ష్మిగారు సాక్షిగా ఎదురుగా కూర్చుని ఉన్నారు.

"సరే," అన్నారాయన గొంతు సవరించుకుని. "వచ్చే నెల పెద్ద కచేరీకి ముందు కాసేపు ఇస్తాం. కానీ ఒక్క షరతు. ఆ అరిచే పెద్దమనిషి మాత్రం మా సభలో నోరు విప్పకూడదు. విప్పితే అక్కడికక్కడే తెర వేయిస్తాను. మీకు తెలిసినవాడేగా, చెప్పండి."

"సరేనండి" అన్నారు కాశీవిశ్వనాథంగారు. ఆ 'సరేనండి' వినగానే రాజ్యలక్ష్మిగారు ఎర్రబడ్డ ఆయన చెవులకేసి చూసి, తల దించుకుని నవ్వుకున్నారు.

కిషన్ రావు షరతు విని, "అట్లయితె నేను గూడ రాను" అన్నారు.

"పిచ్చిమాటలు మాట్లాడకండి. నేనుంటానుగా. మిషను దగ్గర ఉంటాను. కళ్ళతో అంటాను ఆహా."

"కండ్లతోని అంటె నాకెట్ల ఇనొస్తది?"

ఆ రోజు రానే వచ్చింది. హాలు నిండుగానే ఉంది, అయితే అందరూ తరవాతి గాత్రకచేరీ కోసం వచ్చినవాళ్ళు. బుల్‌బుల్ పెట్టె మూత తియ్యగానే ముందువరసలో ఎవరో "కవ్వాలీయా ఏమిటి?" అన్నారు. కిసకిసలు. కిషన్ రావు తల వంచుకుని మొదలుపెట్టారు. మళ్ళీ అదే ఉప్పులేని పప్పు. వెనకవైపు మాటలు లేచాయి. ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. విద్యావతిగారు ఆడవాళ్ళ వైపు కూర్చుని కొంగు కొస వేలికి చుట్టుకుంటున్నారు.

వేదిక పక్కన మిషను దగ్గర కాశీవిశ్వనాథంగారు. పచ్చదీపం నిలకడగా వెలుగుతోంది. చక్రాలు మెత్తగా తిరుగుతున్నాయి. తన నోటి నుంచి ఒక్క దగ్గు లేదు, ఒక్క ఆహా లేదు. ఆయన జన్మలో పట్టిన టేపులన్నిటిలోకీ శుభ్రమైన టేపు అది. నోరు విప్పితే తెర పడుతుంది. విప్పకపోతే, తెర పడనవసరం లేకుండానే కిషన్ రావు పని అయిపోయేలా ఉంది. ఆయన ఒకసారి కార్యదర్శిగారిని చూశారు. ఒకసారి కిషన్ రావు వేలికున్న గాజుని చూశారు.

చెయ్యి చాచి మీట తిప్పారు. చక్రాలు ఆగిపోయాయి. లేచి, పంచె సర్దుకుని, వేదిక ముందు జంపఖానా మీద సరిగ్గా కిషన్ రావు ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

గాజు నిషాదం మీదికి జారింది.

"ఆహా!"

హాలంతా అటు తిరిగింది. విశ్వేశ్వరరావుగారు కుర్చీలోంచి లేచి తెర తాడు వైపు చూశారు. "కూర్చోండి, విననివ్వండి" అని పక్కనే ఉన్న రాజ్యలక్ష్మిగారు ఆయన కండువా పట్టుకు లాగారు. కిషన్ రావు తల ఎత్తలేదు. గాజు మాత్రం ఆగవలసిన చోట ఆగకుండా పై షడ్జం దాటి, ఇంకా పైకి పోయి, అక్కడ సన్నగా ఊగి, తీరిగ్గా మెట్టుమెట్టుగా దిగివచ్చింది. కాశీవిశ్వనాథంగారు తొడ మీద ఒక్కటి వేశారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వినాయనే కాస్సేపయ్యాక, "అబ్బ!" అన్నారు. వేరుశనక్కాయల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. కండువా ఇంకా రాజ్యలక్ష్మిగారి చేతిలోనే ఉంది గానీ విశ్వేశ్వరరావుగారు దాని సంగతి మరిచిపోయారు.

అంతా అయ్యాక ఆయన సరాసరి కాశీవిశ్వనాథంగారి దగ్గరికి వచ్చారు.

"మీరేనా ఆ పెద్దమనిషి?"

"నేనేనండి."

"ఎవరో శ్రోత అన్నారు మా ఇంట్లో!"

"శ్రోతనే కదండీ."

విశ్వేశ్వరరావుగారు తిట్టడానికి నోరు తెరిచి, మానేసి, "సరే. ఆ టేపు ఒకసారి మా ఇంట్లో పెట్టండి. మధ్యలో ఒక సంగతి వేశాడు, అది మళ్ళీ వినాలి" అన్నారు.

"టేపు లేదండీ. ఆపేశాను. మొదటి ముక్క ఒకటి ఉంది, అది వినేది కాదు."

"ఆపేశారా? అంతా?" కార్యదర్శిగారి మొహం నిజంగానే పాలిపోయింది. అటూ ఇటూ చూశారు. పక్కన కిషన్ రావు వాద్యాన్ని పాత దుప్పటిలో చుట్టుకుంటున్నారు. ఆయన దగ్గరికి నడిచి, కాస్త తటపటాయించి, "కిషన్ రావుగారూ, ఆదివారం పొద్దున్న మా ఇంటికి రావడానికి మీకు వీలవుతుందా?" అని అడిగారు.

"అయితది సార్. గానీ కాశన్న గూడ వస్తడు."

విశ్వేశ్వరరావుగారు కాశీవిశ్వనాథంగారిని ఎగాదిగా చూసి నిట్టూర్చారు. "రమ్మనండి. చివరి గదిలో కూర్చోబెడదాం."

"చివరి గదిలకెల్లి గూడ ఇనొస్తది సార్" అని కిషన్ రావు దుప్పటి ముడి బిగించారు.